ఈ బండి ఎవరు చేశారో చెప్పి అమ్మండి: స్నోమొబైల్ తయారీ సంస్థలకు బహిరంగ లేఖ

స్నోమొబైల్ తయారీ సంస్థల యాజమాన్యాలకు, వాటి ఇంజినీర్లకు, అమ్మకాల విభాగాల వారికి,

నమస్కారం.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం నేనూ నా మిత్రుడూ స్నోమొబైళ్ల మీద, అంటే ముందు స్కీలు, వెనక ట్రాకుతో మంచు మీద నడిచే బండ్ల మీద, వెళ్తూ ట్రైల్ (మంచు బాట) పక్కన మోకాళ్ల లోతు మంచులో నిలబడి ఉన్నాం. అతని బండిలో ఇంజిన్ బలాన్ని ముందు క్లచ్ నుంచి వెనక క్లచ్‌కి అందించే బెల్టు తెగింది. మామూలుగా తెగడం కాదు, ముక్కలైపోయి, దాని దారాలు వెనక క్లచ్ చుట్టూ జడలా చుట్టుకున్నాయి. అతని దగ్గరున్న స్పేర్ బెల్టు అంతకు ముందు వారమే వాడేశాడు. నా సంచిలో ఒకటుంది. కానీ నా బండి ఒక బ్రాండు, అతనిది ఇంకో బ్రాండు. రంగు వేరు, లోగో వేరు, కొన్న షాపు వేరు. అయినా రెండూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే లైను మీద తయారయ్యాయని మా ఇద్దరికీ తెలుసు. పక్కపక్కన పెట్టి రెండు హుడ్లూ తీస్తే లోపల ఒకటే ఇంజిన్, ఒకటే క్లచ్. దారాలన్నీ కత్తిరించి తీసి నా బెల్టు వేస్తే అచ్చంగా సరిపోయింది. చీకటి పడే లోపు ఇద్దరం ఇల్లు చేరాం.

అక్కడితో అయిపోతే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. నా బెల్టు నాకు తిరిగి ఇవ్వాలని అతను తన డీలర్ దగ్గరకు వెళ్లాడు. స్టాకు లేదు, మూడు వారాలు పడుతుందన్నారు. అదే బెల్టు నా డీలర్ దగ్గర అరలో ఉంది, వేరే నంబరుతో. అది కొని వేసుకుంటానని మా వాడు అడిగితే, "మా సిస్టమ్‌లో అది మీ బండి పార్టుగా లేదు, వేసుకుంటే రేపు వారంటీ సంగతి మేం చెప్పలేం" అన్నారట. కౌంటర్లో ఉన్న కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఈ రెండు బండ్లూ కవల పిల్లలని అతని ముందున్న కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మీరు.

నేను అడగబోయేది ఒక్కటే. బండి కలిసి తయారుచేయడానికి నాకు అభ్యంతరం లేదు. కలిసి తయారుచేసి, ఆ సంగతి మాకు చెప్పకుండా, దాని బాధ్యత మాత్రం ఎవరికి వాళ్లు పక్కవాడి మీదకు నెట్టడమే నాకు నచ్చనిది. ఏ బండిలో ఏ ఇంజిన్ ఉంది, అది ఎవరు చేశారు, ఎన్నేళ్లు దాని విడిభాగాలు దొరుకుతాయి, మీలో ఒకరు వ్యాపారం మానేస్తే మా గతి ఏమిటి అన్నది అమ్మే రోజే కాగితం మీద రాసివ్వండి.

పద్దెనిమిదేళ్లుగా స్లెడ్, అంటే స్నోమొబైల్, నడుపుతున్నాను. కొండల మీద లోతు మంచులో తిరిగాను, రోజుకు మూడు వందల కిలోమీటర్లు ట్రైల్ మీద తిరిగాను. చేతులు మొద్దుబారే చలిలో స్పార్క్ ప్లగ్గులు మార్చుకున్నాను. అందుకే పాత సంగతులు కొన్ని గుర్తుచేయడానికి చనువు తీసుకుంటున్నాను.

ఈ వ్యాపారంలో ఇంకొకరి సరుకు వాడుకోవడం మొదటి రోజు నుంచీ ఉంది. అమెరికాలో మిన్నెసొటా ఉత్తరాన రోసో ఊళ్లో 1950ల మధ్యలో పొలారిస్ వాళ్లు చేసిన మొదటి స్నోమొబైల్‌కి ఇంజిన్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారిది, ట్రాక్ ధాన్యం ఎత్తిపోసే కన్వేయర్‌ది, స్కీలు పాత షెవ్రొలే కారు బంపర్లు వంచి చేసినవి. పొలారిస్ పెట్టిన ముగ్గురిలో ఒకరైన ఎడ్గర్ హెటీన్ 1960లో అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా ఆ బండ్ల మీదే వెళ్లి, తిరిగొచ్చాక బయటికి వచ్చేసి, థీఫ్ రివర్ ఫాల్స్‌లో మరో కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ఆర్కిటిక్ క్యాట్ అయింది. అంటే ఈ రెండు పెద్ద పేర్లూ ఒకే మనిషి చేతుల మీదుగా పుట్టాయి. ఆర్కిటిక్ క్యాట్ బండ్లలో దశాబ్దాల పాటు సుజుకి ఇంజిన్లు కొట్టుకున్నాయి. పొలారిస్ ఏళ్ల తరబడి ఫుజి హెవీ ఇండస్ట్రీస్ ఇంజిన్లు వాడింది. సుబారు కార్లు చేసేది ఆ ఫుజి వాళ్లే. స్కీ-డూ బండ్లలో ఇంజిన్ ఈ రోజుకీ ఆస్ట్రియాలో గున్‌స్కిర్చెన్ నుంచి వచ్చే రోటాక్సే. ఇవన్నీ తెలిసే కొన్నారు జనం. సుజుకి ఇంజిన్ అంటే గర్వంగా చెప్పుకున్నవాళ్లను నేనెరుగుదును. ఇంజిన్ ఎవరిదో దాచాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ కలగలేదు.

ఒకే బండిని రెండు పేర్లతో అమ్మడం కూడా కొత్త కాదు. కెనడాలో క్యుబెక్‌లోని లా పొకాతియేర్ ఊళ్లో తయారయ్యే మోటో-స్కీ బండ్లు ఒకప్పుడు స్కీ-డూకి గట్టి పోటీ. నారింజ రంగు, సొంత అభిమానులు. 1971లో స్కీ-డూ తయారుచేసే బొంబార్డియే ఆ కంపెనీని కొనేసింది. మూడేళ్లకి బొంబార్డియేకి మాంట్రియల్ మెట్రో రైలు పెట్టెల కాంట్రాక్టు వచ్చింది, అవి ఆ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. మోటో-స్కీ పేరు మాత్రం 1985 దాకా నడిచింది, రానురాను లోపలంతా స్కీ-డూయే అయిపోయి, పైన నారింజ రంగు మిగిలింది. ఒకరోజు ఆ రంగు కూడా ఆపేశారు. ఆ బండి అభిమాని ఒకాయన, నాకు మొట్టమొదట కార్బ్యురేటర్ విప్పడం నేర్పిన పెద్దాయన, ఇప్పటికీ ఆ సంగతి వస్తే గొంతు మారుస్తాడు. బండి పోయినందుకు కాదట. చివరి మూడు నాలుగేళ్లు తను కొంటున్నది ఏమిటో తనకి ఎవరూ చెప్పలేదని.

నలభై ఏళ్ల కిందటి బాధ కదా అనుకుంటారేమో. కాదు. యమహా, ఆర్కిటిక్ క్యాట్ మధ్య పదేళ్లకు పైగా నడిచిన ఒప్పందాన్ని దగ్గర నుంచి చూసినవాణ్ణి కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

2014 మోడల్ ఏడాదితో అది మొదలైంది. యమహా తన 1,049 సీసీ మూడు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ ఇచ్చింది, ఆర్కిటిక్ క్యాట్ తన ఛాసిస్ ఇచ్చింది. ఆర్కిటిక్ క్యాట్ పచ్చరంగుతో, యమహా నీలంతో అమ్ముకున్నాయి. యమహా వైపర్ అనే పేరుతో వచ్చిన ఆ బండి థీఫ్ రివర్ ఫాల్స్‌లో తయారైంది. మొదట్లో మా నీలం మిత్రులు ఎంత నొచ్చుకున్నారో! వాళ్ల బాధ నాకు అర్థమైంది. 1968 నుంచి సొంతంగా బండి చేసిన కంపెనీ అది. ఆర్1 మోటార్‌సైకిల్ ఇంజిన్ తెచ్చి 2003లో ఆర్ఎక్స్-1 అని మంచు మీద పరిగెత్తించిన కంపెనీ. అలాంటివాళ్లు పక్కవాడి ఛాసిస్ మీద తమ స్టిక్కర్ వేస్తారా అన్నారు. కానీ రెండు సీజన్లు నడిపాక అదే మనుషులు మాట మార్చారు. ఎందుకంటే బండి బాగుంది. యమహా ఇంజిన్ ఎంత గట్టిదో అందరికీ తెలుసు, దాని పాత ఛాసిస్ బరువు సంగతీ తెలుసు. తేలికైన ఛాసిస్‌లో ఆ ఇంజిన్ పడ్డాక మలుపుల్లో బండి మాట వింది. 2017లో 998 సీసీ టర్బో ఇంజిన్‌తో ఒకవైపు సైడ్‌వైండర్, మరోవైపు థండర్‌క్యాట్ వచ్చినప్పుడైతే ఇక వాదనే లేదు. గడ్డకట్టిన సరస్సు మీద ఆ బండి థ్రాటిల్ నొక్కినప్పుడు వెన్నులో కలిగే ఆ తోపుడు నాకు ఇంకా గుర్తుంది. ఇద్దరూ విడివిడిగా ఉంటే ఆ బండి పుట్టేది కాదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

తర్వాత కథ మెల్లగా మారింది. నీలం రంగులో ఆర్కిటిక్ క్యాట్ 800 టూస్ట్రోక్ ఇంజిన్‌తో మౌంటెన్ మ్యాక్స్ వచ్చింది. చిన్న సింగిల్ సిలిండర్ బండి రెండు పేర్లతో వచ్చింది. పిల్లల బండి రెండు రంగుల్లో వచ్చింది. మొదట ఇంజిన్ యమహాది, ఛాసిస్ ఆర్కిటిక్ క్యాట్‌ది అని పంచుకున్నారు కదా, కొన్ని మోడళ్లలో చివరికి యమహాది పేరొక్కటే మిగిలింది. నా ఉద్దేశంలో నమ్మకం తెగిపోయింది అక్కడే. కలిసి బండి చేయడం వేరు, ఒకరు చేసిన బండికి ఇంకొకరు పేరివ్వడం వేరు. మొదటిదానిలో ఇద్దరి పరువూ బండి లోపల ఉంటుంది. రెండోదానిలో ఒకరి పరువు స్టిక్కర్ మందాన ఉంటుంది.

2023 జూన్‌లో యమహా స్నోమొబైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఉత్తర అమెరికాకి 2025 మోడలే చివరిది. ఆ కంపెనీ హుందాగానే చెప్పింది, ఉన్న బండ్లకి విడిభాగాలు, సర్వీసు డీలర్ల ద్వారా కొనసాగుతాయని. అది మంచి పని, ఒప్పుకుంటాను. కానీ ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో సగం పచ్చ బండి వాళ్లవి. "మన బండిలో ఇంజిన్ వాళ్లదే కదా, మనకెవరు దిక్కు?" అని. ఆ ప్రశ్నకి రెండు వైపుల నుంచీ మా వాళ్లకి సూటిగా జవాబు రాలేదు. నీలం డీలర్ పచ్చ బండిని చూడడు. పచ్చ డీలర్‌కి ఆ ఇంజిన్ లోపలి పార్టుల జాబితా సగమే తెలుసు. ఇంతలో 2024 చివర్లో, ఆర్కిటిక్ క్యాట్‌ని 2017లో కొన్న టెక్స్‌ట్రాన్ అక్కడ తయారీ నిలిపేయబోతున్నామంది. ఒక బండికి తల్లీ తండ్రీ ఇద్దరూ ఏడాదిన్నర వ్యవధిలో తలుపులు మూసుకున్నట్టయింది. 2025 ఏప్రిల్‌లో కొత్త యజమానుల చేతికి కంపెనీ వెళ్లి, మళ్లీ ఊపిరి వచ్చింది. ఆ వార్త విన్న రోజు నా మిత్రుడు గ్యారేజీలోకి వెళ్లి తన బండి కవర్ తీసి కాసేపు ఊరికే కూర్చున్నానని చెప్పాడు. మేం మీ కంపెనీల్ని ఎలా ప్రేమిస్తామో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు కొత్త మోడళ్ల సంగతి.

ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే చలికాలం బండ్లు చూపిస్తారు. ఇంకా మంచు కరగక ముందే డిపాజిట్ కట్టించుకుంటారు. కొన్ని మోడళ్లు, కొన్ని ఇంజిన్లు, కొన్ని షాక్ అబ్జార్బర్లు అప్పుడు ఆర్డర్ చేసినవాళ్లకే. ఆగస్టులో మనసు మార్చుకుని వెళితే "అది స్ప్రింగ్ ఆర్డర్ మాత్రమే", అంటే వసంతకాలంలో ముందే ఆర్డర్ చేసినవాళ్లకే, అంటారు. ఎవరికి ఎన్ని కావాలో తెలిస్తే అన్నే చేస్తారు, డీలర్ దగ్గర బండ్లు మిగిలిపోవు, మీ వైపు న్యాయం నాకు తెలుసు. 2023-24 చలికాలంలో మంచు సరిగ్గా పడక అమ్ముడుపోని బండ్లు డీలర్ల దగ్గర వరసలు కట్టి నిలబడటం కళ్లారా చూశాను. ఆ నష్టం చిన్నది కాదు. కానీ ఆ పద్ధతిలో రిస్కు మొత్తం మా మీద పడుతోంది. నడపని బండికి, కొన్నిసార్లు ఎవరూ ఒక సీజన్ కూడా పూర్తిగా నడపని ఇంజిన్‌కి, తొమ్మిది నెలల ముందు డబ్బు కడుతున్నాం. మంచు పడుతుందో లేదో కూడా తెలియకుండా కడుతున్నాం. కనీసం ఏం కొంటున్నామో పూర్తిగా చెప్పాలా వద్దా?

నిజంగా కొత్తది వచ్చినప్పుడు మాకు వివరించి చెప్పనక్కర్లేదు. 2003లో స్కీ-డూ రెవ్ వచ్చినప్పుడు రైడర్ని ఇంజిన్ దగ్గరికి, ముందుకి జరిపి కూర్చోబెట్టారు. అప్పటిదాకా వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి నడిపినవాళ్లు, ఒకసారి ఆ బండి మీద గతుకుల్లో నిలబడి వెళ్లాక పాతదానికి తిరిగి వెళ్లలేదు. ఆ తర్వాత అన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. 2009లో స్కీ-డూలోనే ఈ-టెక్ డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి, వచ్చినప్పుడు టూస్ట్రోక్ వాసన, పొగ, ఆయిల్ ఖర్చు ఒక్కసారిగా తగ్గాయి. ఆ సాంకేతికత ఎవిన్‌రూడ్ పడవ ఇంజిన్ల నుంచి మంచు మీదకు వచ్చింది. ఎవిన్‌రూడ్ ఇంజిన్ల తయారీ 2020లో ఆపేశారు, కానీ ఆ ఆలోచన మా బండ్లలో బతికే ఉంది. 2013లో పొలారిస్ ట్రాకుని తిప్పే గొలుసు పెట్టె (చైన్‌కేస్) తీసేసి బెల్టు డ్రైవ్ పెట్టినప్పుడు మొదట నేను నమ్మలేదు. తెగితే కొండ మీద ఏం చేస్తాం అనుకున్నాను. తగ్గిన బరువు లోతు మంచులో తెలిసొచ్చింది, నమ్మాను. 2020 మోడల్‌గా స్కీ-డూ కంపెనీ నుంచే టర్బో టూస్ట్రోక్ వచ్చింది. అంతకు ముందు టర్బో కావాలంటే బయట కిట్టు కొని, వారంటీ వదులుకుని, ఇంజిన్ ఎప్పుడు కరిగిపోతుందో అని టెన్షన్ పడుతూ నడిపేవాళ్లం. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజిన్ నీరసించిపోతుంది. ఆ బండి మాత్రం 8,000 అడుగుల ఎత్తులోనూ కింద ఉన్న బలం చూపించింది. తర్వాత పొలారిస్ కూడా తన 850కి టర్బో ఇచ్చింది. ఆర్కిటిక్ క్యాట్ 2024లో తెచ్చిన క్యాటలిస్ట్ ఛాసిస్ కూడా నా లెక్కలో నిజమైన కొత్తదే. బండి బరువంతా మధ్యకి చేర్చారు. మంచు లోతుగా ఉన్నప్పుడు పక్కకు వాల్చితే చేతులకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కంపెనీ చేతులు మారే అయోమయంలో కూడా ఆ ఇంజినీర్లు అంత మంచి పని చేశారు. వాళ్లకి నా నమస్కారాలు.

ఇవి కొత్తవి. కానీ రంగు మార్చి, స్టిక్కర్ వంపు మార్చి, హ్యాండిల్ బార్ రెండు సెంటీమీటర్లు పెంచి, స్క్రీను పెద్దది పెట్టి "సరికొత్త" అని రాస్తే మాకు కష్టంగా ఉంటుంది. ప్రతి ఏడూ కొత్త ఛాసిస్ చేయలేరని మాకు తెలుసు, చేయమని అడగడం లేదు కూడా. ఒక మంచి ఛాసిస్ ఏడేళ్లు నడిస్తే నాకు సంతోషమే, విడిభాగాలు దొరుకుతాయి, మెకానిక్కులకి అలవాటవుతుంది, మొదటి ఏడాది లోపాలు సర్దుకుంటాయి. "ఈ ఏడాది బండి నిరుడు బండే, ఫలానా బుష్ అరిగిపోతోందని చెప్పారు కాబట్టి అది మార్చాం" అని రాయండి. ఆ ఒక్క వాక్యం చదివి మా వాళ్లు ఇంకా ఎక్కువ కొంటారు. కొత్త మోడల్ కంటే సరిచేసిన మోడల్ మీదే నాలాంటివాడికి నమ్మకం ఎక్కువ.

మా రైడర్లందరిదీ ఒకటే మాట అని చెబితే అబద్ధమవుతుంది. మా గుంపులో ఒకతను ప్లాట్‌ఫారం పంచుకోవడం, అంటే రెండు కంపెనీలు ఒకే ఛాసిస్, ఇంజిన్ వాడుకోవడం, అంటేనే మండిపడతాడు. "పోటీ ఉంటేనే బండి బాగుపడుతుంది, అందరూ ఒకటే బండి చేస్తే ఇక ఎవడు మెరుగుపరుస్తాడు" అంటాడు. అతని మాటలో బలం ఉంది. 1970ల మొదట్లో వంద పైచిలుకు కంపెనీలు స్నోమొబైళ్లు చేశాయి. ఉత్తర అమెరికాలో ఏడాదికి సుమారు ఐదు లక్షల బండ్లు అమ్ముడైన రోజులవి. చమురు సంక్షోభం వచ్చి, మంచు తక్కువ పడిన ఏళ్లు వచ్చి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ వచ్చి వెళ్లింది, కవాసాకి వచ్చి వెళ్లింది. ఇప్పుడు ఉత్తర అమెరికాలో పెద్దవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంత చిన్న సంతలో ప్రతి ఒక్కరూ ప్రతి ఇంజిన్నీ సొంతంగా చేయాలంటే ఇంకొకరు కూడా వెళ్లిపోతారు. నేనతనితో చెప్పేది ఇదే: ఒక్కరే మిగలడం కంటే ఇద్దరు కలిసి బతకడం మేలు. ఈ విషయం మీద మేమిద్దరం ప్రతి ఏడూ వాదించుకుంటూనే ఉన్నాం.

కలిసి చేసినా వేరుగా ఉండొచ్చని చూపించినవాళ్లూ ఉన్నారు. ఫిన్లాండ్‌లో రొవానియెమిలో తయారయ్యే లింక్స్, క్యుబెక్‌లోని వాల్‌కోర్‌లో పుట్టిన స్కీ-డూ, రెండూ బొంబార్డియే నుంచి విడిపోయిన బీఆర్‌పీ కంపెనీవే. రోటాక్స్ ఇంజిన్ రెండింటిలోనూ ఉంటుంది. కానీ లింక్స్ వెనక సస్పెన్షన్ వేరు, గట్టిదనం వేరు, ఉత్తర యూరప్ ట్రైళ్ల మీద గతుకులకి తగ్గట్టు చేసిన బండి అది. రెండూ నడిపినవాడికి కళ్లు మూసుకున్నా ఏది ఏదో తెలిసిపోతుంది. ఇంజిన్ ఎక్కడిదో వాళ్లు దాచుకోరు, ఒకటే కుటుంబమని చెప్పుకునే అమ్ముతారు. నేను అడుగుతున్న పద్ధతి ఇలాంటిదే.

ఇక మీ నుంచి ఏం కావాలో చెబుతాను.

పంచుకున్న ప్రతి బండికీ ఒక పార్టుల పట్టిక ఇవ్వండి. ఈ బ్రాండులో ఈ నంబరు, ఆ బ్రాండులో ఆ నంబరు, రెండూ ఒకటే అని అందులో ఉండాలి. ఇప్పుడు ఈ పని మేమే చేసుకుంటున్నాం, చలికాలం రాత్రుళ్లు రెండు కేటలాగులు ముందేసుకుని బొమ్మలు పోల్చుకుంటూ. ఆ జాబితా మీ దగ్గర మొదటి రోజు నుంచీ ఉంటుంది. ఆ పార్టు వేస్తే వారంటీ చెల్లుతుందని దాని మీదే రాయండి. మా సీజన్ పది పన్నెండు వారాలు. అందులో మూడు వారాలు ఒక బెల్టు కోసం బండి నిలబడితే, నాలుగో వంతు చలికాలం పోయినట్టే.

ఇంజిన్ లోపలి భాగాలు, అంటే పిస్టన్లు, క్రాంక్, సీళ్లు, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్, చివరి మోడల్ అమ్మిన తర్వాత ఎన్నేళ్లు దొరుకుతాయో ఒక సంఖ్య చెప్పండి. పది అంటే పది, పన్నెండు అంటే పన్నెండు. తక్కువ చెప్పినా పర్వాలేదు, చెప్పండి. లెక్క తెలిస్తే మేం కొనాలో వద్దో మేమే తేల్చుకుంటాం. ఇంజిన్ ఇచ్చే కంపెనీ, ఛాసిస్ ఇచ్చే కంపెనీ విడిపోతే ఎవరు దేనికి పూచీ అన్నది మీ ఒప్పందంలో ఎలాగూ రాసుకుంటారు. డబ్బుల లెక్కలు మీరే ఉంచుకోండి, మాకు సంబంధించిన ఆ రెండు పేరాలు మాత్రం చూపించండి.

మూడోది, పాత బండ్లకి డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ తెరవండి. ఇప్పుడు చిన్న సెన్సర్ తప్పు చూపినా బండి నీరసపు మోడ్‌లోకి వెళ్లిపోతుంది. దాన్ని చదివే పరికరం మీ డీలర్ దగ్గరే ఉంటుంది. ఆ డీలర్ మీ బ్రాండు వదిలేసిన రోజున ఆ బండి యజమాని ఏం చేయాలి? కనీసం తయారీ ఆగిపోయిన మోడళ్లకైనా కోడ్‌లు చదువుకునే వీలు ఇవ్వండి. మంచు మధ్యలో ఆగిపోయిన బండి ఊళ్లో ఆగిన కారులాంటిది కాదు. అక్కడ అది ప్రాణాల సంగతి. జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే రెండేళ్ల కొడుకు 1934 చలికాలంలో జబ్బుపడితే, దారులన్నీ మంచు కప్పేసి ఆసుపత్రికి తీసుకెళ్లలేక పోగొట్టుకున్నాడు. మంచు మీద ఆగకుండా వెళ్లే బండి చేయాలన్న అతని పట్టుదల ఆ దుఃఖంతో ఇంకా గట్టిపడిందంటారు. మీ వ్యాపారానికి మూలపురుషుల్లో ఒకరి కథ ఇది. అందుకే, బండి నమ్మకంగా ఇల్లు చేర్చాలని మేం అడిగితే దాన్ని గొణుగుడుగా తీసుకోకండి.

ఆర్కిటిక్ క్యాట్ కొత్త యజమానులకు విడిగా ఒక మాట. మీ చేతిలో ఇప్పుడు ఇద్దరి వారసత్వం ఉంది. మీ ఫ్యాక్టరీలో తయారై నీలం రంగుతో బయటికి వెళ్లిన వేల బండ్లు ఇప్పటికీ ట్రైళ్ల మీద తిరుగుతున్నాయి. వాటి ట్రాకులు, ట్రాకు మీద కప్పుండే టన్నెళ్లు, సస్పెన్షన్లు మీ దగ్గర పుట్టినవే. ఆ యజమానులని మీ డీలర్ల గడప తొక్కనివ్వండి. కొత్త బండి కొనాల్సి వచ్చినప్పుడు వాళ్లు ముందుగా చూసేది ఆపదలో తలుపు తీసినవాడి వైపే. యమహా వారికి కూడా మనవి: మీ ఇంజిన్ ఉన్న పచ్చ బండి వాళ్లని కూడా మీవాళ్లుగానే లెక్కపెట్టుకోండి.

నా ఫోర్‌స్ట్రోక్ బండి ఇప్పటికి ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంకా మొదటి దెబ్బకే స్టార్టవుతుంది, కానీ ఛాసిస్ అలసిపోయింది, మార్చాల్సిన సమయం వచ్చింది. పోయిన మార్చిలో ఒక కొత్త మోడల్‌కి ఆర్డర్ ఫారం నింపాను. రంగు ఎంచుకున్నాను, ట్రాక్ పొడవు 137 అంగుళాలని రాశాను, సంతకం దగ్గర ఆగి డీలర్ని అడిగాను: దీని ఇంజిన్ పార్టులు పదేళ్ల తర్వాత ఎవరిస్తారండీ అని. ఆయన మంచి మనిషి, తెలియనిది తెలుసని చెప్పడు. కంపెనీని కనుక్కుని ఫోన్ చేస్తానన్నారు. రెండు సార్లు నేనే చేశాను, కంపెనీ నుంచి ఇంకా ఏమీ రాలేదన్నారు. ఆ ఫారం నా దగ్గరే ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది.

ఇట్లు,
ఒక స్నోమొబైల్ రైడర్